బోరింగు కాడ వాసన చూసిన రోజు

మా పెద్ద కోడలు ఎడమ చెవి సరిగ్గా వినబడతలేదంటే, వెల్లుల్లి కాచిన నూనె పోసి ఊకున్న. రెండేండ్లకు అది నడుస్తుంటే తూలుడు మొదలైంది. మాది భద్రాచలం అడవి అంచు ఊరు. ఎండకాలం ఇంటింటా ఇప్పపువ్వు ఎండుతది, చాటుగా సారా కూడా కాస్తరు. ఇది కూడా తాగుతాందేమోనని నాకు అనుమానం వచ్చింది. ఒకనాడు బోరింగు కాడ అది బిందెతో సహా పడిపోతే, ఆడోళ్లందరి ముందర దాని గదవ పట్టుకున్న.

“నోరు తెరువ్. వాసన చూడాలె.”

“తాగలే అత్తమ్మా, తల తిరుగుతాంది” అని ఏడ్చుకుంటనే తెరిచింది. వాసన ఏమీ రాలే. అయినా నేను తగ్గలే.

“పొద్దుగాలనే తాగినట్టుంది, వాసన పోయింది” అన్న. ఆడోళ్లు నవ్విండ్రు.

తర్వాత హైదరాబాదు దవాఖానాల, పుర్రె లోపల చెవి నరం మీద గడ్డ ఉందన్నరు. క్యాన్సర్ కాదట, ఎవరికో గాని రాదట, ఏండ్ల సంది మెల్లగా పెరిగిందట. తూలుడు దానివల్లనే. చెవి వెనక ఎముక కోసి తీసిండ్రు. ప్రాణం దక్కింది గాని ఆ చెవి పూర్తిగా పోయింది.

ఇంటికి వచ్చినంక, తప్పయిందని చెబుదామని దాని పక్కన కూసున్న. తెలిసే ఎడమ దిక్కు కూసున్న. బోరింగు కాడ అంత గొంతు లేపినదాన్ని, “నాదే తప్పు బిడ్డా” అని గొణిగిన.

అది కుడి చెవి నా దిక్కు తిప్పి, “ఏమన్నవ్ అత్తమ్మా?” అంది.

“చారు చల్లారుతాంది, తిను అన్న” అని లేచొచ్చిన.