పరుపుల షాపు దొర

దొర పోయాడు. పోయిన మంగళవారం పొద్దున్న కాఫీ షాపు లైనులో నిలబడి ఉండగా మన తెలుగు సంఘం అధ్యక్షులవారు ఫోన్ చేసి చెప్పారు. గొంతు బరువుగానే పెట్టారు. "మన సర్ ఇక లేరండీ. విన్నిపెగ్‌కి పెద్ద దిక్కు పోయింది" అన్నారు. ఆ వెంటనే, "ఆదివారం సంతాప సభ పెడుతున్నాం. మరి కుర్చీలు ఎవరిస్తారంటారు?" అని అడిగారు. ఇన్నేళ్లూ మన సభలకు కుర్చీలు వచ్చింది దొర ఫర్నిచర్ షాపు నుంచే. ఆయన పోయినందుకు మన సంఘానికి కలిగిన మొదటి బాధ అది. అసలైన బాధ కూడా అదొక్కటేనని నా అనుమానం.

ఆయన దగ్గర చాలా ఏళ్లు డెలివరీ ట్రక్కు తోలాను కాబట్టి నాలుగు మంచి మాటలు రాయమని మన సంఘం పత్రికవాళ్లు అడిగారు. ఇంటర్ తప్పినవాణ్ణి, పెద్ద మాటలు రావు. ఆయన విషయంలో మంచి మాటలు నాలుగంటే కొంచెం ఎక్కువే. అయినా చూస్తాను.

దొర అన్నది నేను పెట్టిన పేరు. ఇంగ్లాండులో ఉత్తరాన ఏదో బట్టల మిల్లుల ఊరినుంచి పడుచు వయసులో ఇక్కడికి, కెనడాకొచ్చాడు. నేను పనిలో చేరిన కొత్తలో, రెండు సూట్‌కేసులతో వచ్చానని చెప్పేవాడు. కొన్నాళ్లకు అది ఒకటైంది. వ్యాపారుల విందులో చేతిసంచిగా మారింది. ఆఖరున స్కూలు పిల్లలకు ఉపన్యాసమిస్తూ వట్టి చేతులతో దిగానన్నాడు. ఇంకో రెండేళ్లు బతికి ఉంటే ఒంటిమీద చొక్కా కూడా లేకుండా దిగి ఉండేవాడు, ఈ చలిలో. "ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చాను" అనేది ఆయన రోజూ జపించే మంత్రం. షాపు మాత్రం మామగారిది.

వ్యాపారంలో ఆయనకొక సిద్ధాంతముంది. "కుర్చీ మరీ సుఖంగా ఉండకూడదు. సుఖంగా ఉంటే మనిషి లేవడు. లేవకపోతే సోఫా చూడడు." దీనికి రుజువు కావాలంటే ఉగాది సభల్లో ఆ కుర్చీల మీద కూర్చున్న మీ నడుముల్నే అడగండి.

ఇక ఊరి సేవ. కౌన్సిలర్‌గా నిలబడ్డాడు, ఓడాడు. మళ్లీ నిలబడ్డాడు, మళ్లీ ఓడాడు. ఓడినప్పుడల్లా ఒక కమిటీలో చేరేవాడు. పార్కుల కమిటీ, చెట్ల కమిటీ, మంచు ఎత్తించే కమిటీ, చివరికి మా పేట భద్రతా కమిటీ. ఏ మూల రిబ్బను ఎదురవుతుందోనని కారులో కత్తెర పెట్టుకుని తిరిగేవాడు. నది ఒడ్డు పార్కులో ఆయన ఇచ్చిన బెంచీ ఒకటుంది. వీపు ఆనించే చోట ఆయన పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. కాసేపు కూర్చుని ఇంటికెళ్లి చొక్కా విప్పితే, మీ వీపు మీద ఆయన పేరు.

అలాంటి మనిషిని మనం వదులుతామా? ఉగాదికి పిలిచాం, బతుకమ్మకి పిలిచాం, పిల్లల డాన్సు పోటీకి పిలిచాం. మొదటి శాలువా కప్పినప్పుడు "ఇది ఏ టేబుల్ మీద పరిచేది?" అని అడిగాడు. రెండో శాలువాకు రుచి తెలిసింది. ఆ తర్వాత ట్రక్కు ఎక్కబోతున్న నన్ను ఆపి మరీ "మీవాళ్ల పండగ మళ్లీ ఎప్పుడు?" అని అడిగేవాడు.

అప్పుడొచ్చిపడ్డారు స్టూడెంట్లు. ఆ ఏళ్లు మీకు గుర్తే. కాలేజీలు రమ్మన్నాయి, కన్సల్టెన్సీలు విమానం ఎక్కించాయి, దిగాక ఎక్కడ ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మా వీధి చివరి ఇంటి బేస్‌మెంట్‌లో మనవాడొకడు, సంఘంలో పెద్దమనిషే, పిల్లల్ని మూటల్లా సర్దాడు. భద్రతా కమిటీ హోదాలో దొర ఆ ఇంటి మీద సిటీకి ఫిర్యాదు చేశాడు. మంటలొస్తే బయటపడే దారి లేదన్నాడు. అది నిజమే, నేను కాదనను. కానీ ఈ పిల్లలు ఎక్కడికి పోతారన్న ప్రశ్న ఆయన నోట రాలేదు. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే జనవరిలో సిటీవాళ్లు ఆ ఇంటికి తాళమేశారు. పేపర్లో దొర ఫొటో పడింది. ఫొటోలో నవ్వుతున్నాడు.

పిల్లలు సూట్‌కేసులతో గుడి హాల్లో చేరారు. వారాంతానికి అక్కడ పెళ్లి ఉంది, ఖాళీ చేయాలి. వాళ్లలో వరంగల్ అమ్మాయి స్రవంతి నా దగ్గరకొచ్చింది.

"అంకుల్, మా నాయిన వచ్చెయ్యమంటుండు. ఇల్లు దొరకకుంటే శనివారం ఫ్లైట్ ఎక్కాల్నట. నాకింక ఒక్క సెమిస్టరే ఉన్నది. గిప్పుడు పోతే మళ్ల పంపడు, నాకు తెల్సు."

అధ్యక్షులవారికి ఫోన్ చేశాను. "ధైర్యంగా ఉండమనండి అమ్మాయిని. గ్రూపులో పెడతాను" అన్నారు. పెట్టారు కూడా. చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వచ్చాయి. ఒక్క గది రాలేదు.

దొర షాపు మేడ మీద పాత షోరూము ఉండేది. రెండు వైపులా మెట్లు, హీటరు, ఎవరూ కొనని మంచాలు, ప్లాస్టిక్ కవర్లలో పరుపులు. సూటిగా అడిగాను. "ఇది షాపు, సత్రం కాదు. కష్టపడితే వాళ్లే పైకొస్తారు, నాలాగే" అన్నాడు.

సరే, అయితే సన్మానం అన్నాను.

శుక్రవారం, అదే గుడి హాల్లో. భద్రతా కమిటీకి చేసిన సేవలకు గాను. సన్మానం దేనికని అధ్యక్షులవారు అడగనే లేదు, శాలువా ఎవరు కప్పాలని మాత్రం అడిగారు. దొర ఫొటోగ్రాఫర్‌ని తనే వెంటబెట్టుకొచ్చాడు. మైకు నా చేతిలో ఉంది. మన సభల ఆచారం మీకు చెప్పక్కర్లేదు. శాలువా కప్పించుకున్న పెద్దమనిషి తరఫున మైకు పట్టుకున్నవాడు ఏది ప్రకటిస్తే అది ఆయన మాటే. ఇక ఆయన కాదనడానికి లేదు. ఇన్ని శాలువాలు మోసినా దొరకు ఈ సంగతి తెలియదు.

ముందు తెలుగులో ప్రకటించాను. "చలికాలం పోయేదాకా ఈ పిల్లలకు దొరగారు తమ షోరూము ఇస్తున్నారు!" హాలు దద్దరిల్లింది. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. స్రవంతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇదంతా తన గొప్పతనానికేననుకుని దొర లేచాడు. మనం నేర్పిన నమస్కారం ఉంది కదా, అది మూడు వైపులా తిరిగి పెట్టాడు. ఫొటోలు పడ్డాయి. అప్పుడు తాపీగా అదే మాట ఇంగ్లీషులో చెప్పాను.

దొర మీసం కింద నవ్వు అలాగే ఉంది. మీసానికి పైనున్నదంతా మారిపోయింది. నా చెవిలో, "నీ ట్రక్కు తాళాలు రేపు పొద్దున్న నా టేబుల్ మీద ఉండాలి" అన్నాడు.

"అలాగే సర్. పిల్లల సామాను దింపేసి ఇస్తాను" అన్నాను.

ఆ వెంటనే దొర మైకు అందుకుని, "ఇది ఎన్నాళ్లనుంచో నా మనసులో ఉన్న ఆలోచన" అన్నాడు. మనిషి అంతే. తనకిచ్చిన తాంబూలమైనా సరే, ముందు దాని మీద తన పేరు కొట్టించుకుని గానీ పుచ్చుకోడు.

శనివారం స్రవంతి ఫ్లైట్ ఎక్కలేదు, మేడ మెట్లెక్కింది. తాళాలు దొర మళ్లీ అడగలేదు, నేను గుర్తు చేయలేదు. షోరూము మధ్యలో బీరువాలు అడ్డం పెట్టి అటు ఆడపిల్లల్ని, ఇటు మగపిల్లల్ని ఉంచాం. దొర నియమాలు పెట్టాడు. పోపు పెట్టకూడదు. మేకు కొట్టకూడదు. పరుపుల మీద ప్లాస్టిక్ తీయకూడదు. ఒకరు పక్కకు తిరిగితే ఆ ప్లాస్టిక్ చప్పుడుకు అందరూ లేచేవాళ్లు. స్రవంతి వెళ్లి అడిగింది. "కవరు తీస్తే అది వాడిన పరుపైపోతుంది, ఎవరూ కొనరు" అన్నాడు. "ఇప్పుడు కూడా ఎవ్వరూ కొంటలేరు కదా సర్" అందట. కవర్లు మాత్రం తీయనివ్వలేదు.

ఎండలు ముదిరేదాకా ఊళ్లో ఏ మైకు దొరికినా ఆ షోరూము కథే చెప్పాడు. దాంట్లో నేను లేను, సిటీకి చేసిన ఫిర్యాదూ లేదు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది. ఆ అమ్మాయి చదువు పూర్తిచేసి కాల్గరీలో ఉద్యోగం చేస్తోంది. సంతాప సభకు వస్తున్నానని, దొర ఫొటో ఉంటే పంపమని మెసేజ్ పెట్టింది. నా దగ్గరున్నవన్నీ రిబ్బన్ల ఫొటోలే. ఫొటో తీయని రోజు ఒకటుంది, అది రాస్తాను.

ఆ చలికాలం చివర, పిల్లల పరీక్షల వారంలో ఒక పొద్దున్న సోఫా ఒకటి దింపాలని మేడ మీదకు వెళ్లాను. తలుపు బయట పిల్లల మంచు బూట్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన దొర, ఒంటరిగా, గోడకు ఒక చెయ్యి ఆనించి వంగి తన బూటు లేసులు విప్పుకుంటున్నాడు. తన సొంత షాపులో ఆయన బూట్లు విప్పడం నేనెన్నడూ చూడలేదు. కుడికాలి సాక్సులోంచి బొటనవేలు బయటకొచ్చింది. లోపల పిల్లలు పుస్తకాల మీద వంగి ఉన్నారు, ఎవరూ తలెత్తలేదు. ఆయన మునివేళ్ల మీద నడుచుకుంటూ కిటికీ కింది హీటరు దగ్గరకు వెళ్లి, దాని మర తిప్పి, పైన అరచెయ్యి పెట్టి, ఆ ఇనుము వేడెక్కేదాకా అక్కడే నిలబడ్డాడు.