రోట్ అంటే రొట్టె కాదు

మోకాలి ఆపరేషనై ఇంటికి వచ్చి పన్నెండు రోజులైనా పక్కింటి ఆపా కడుపునిండా తినలేదు. యాకుత్‌పురాలో మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. నలభై ఏళ్లుగా అటు ఆమె, ఇటు నేను. వాళ్ల కోడలు గంజి కాచి ఇస్తే రెండు చెంచాలు తాగి మొహం తిప్పేసేది. అన్నీ తినొచ్చని డాక్టరు చెప్పాడు, తింటేనే కాళ్లలోకి బలం వస్తుందని కూడా చెప్పాడు. ఆమెకే నోరు చచ్చిపోయింది. మనిషి రోజురోజుకూ మంచానికి అంటుకుపోతుంటే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాలేదు.

"ఏం తింటవో చెప్పు ఆపా. ఊకె కండ్లు మూసుకుంటె ఎట్ల?" అని గట్టిగానే అడిగాను.

కళ్లు తెరవకుండానే చెప్పింది. "నీ కడక్ రొట్టె. ఖట్టాతోని."

"ఖట్టా కాదు, పచ్చిపులుసు."

వేరే రోజైతే ఆ మాటకు లేచి కూర్చుని కొట్లాడేది. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు భయమేసింది నాకు.

చింతపండు పిసికి, వేయించిన నువ్వుల పొడి కలిపి, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేస్తే మా ఇంట్లో అది పచ్చిపులుసు. గోడ దాటితే ఖట్టా. నేను పలచగా చేస్తాను, ఆమె నువ్వులు గుమ్మరించి చిక్కగా చేస్తుంది. నాది వాననీళ్లని ఆమె అంటుంది, ఆమెది చట్నీ అని నేనంటాను. నలభై ఏళ్లలో ఎవరూ తగ్గలేదు.

పులుసుదేముంది, చిటికెలో అవుతుంది. చిక్కు రొట్టెతోనే. కడక్ రొట్టె అంటే పలచగా కొట్టి పెనం మీద కాల్చిన జొన్నరొట్టెను మళ్లీ భట్టీలో పెట్టి అప్పడంలా విరిగేదాకా ఎండబెట్టడం. మా గల్లీ బేకరీలో కట్టెల భట్టీ ఉన్నప్పుడు ఇళ్ల నుంచి ఎవరి తట్టలు వాళ్లు తీసుకుపోయి కాల్పించుకునేవాళ్లం. బేకరీ నడిపే పెద్దాయన పోయాక కొడుకులు భట్టీ పడగొట్టి కరెంటు మిషన్ తెచ్చారు. ఇంటి సామాను కాల్చబడదు అని బోర్డు కూడా పెట్టారు. రెండో తరగతితో బడి మానేసినదాన్నే అయినా కూడబలుక్కుని చదివాను.

సరే, ఇంట్లోనే చేద్దామని మందపాటి గిన్నెలో ఇసుక పోసి, పొయ్యి మీద పెట్టి, పైన పళ్లెంలో రొట్టెలు ఉంచి మూత వేశాను. గ్యాసంతా దండగ. రొట్టెలు అడుగున మాడి, పైన మెత్తగానే ఉండిపోయాయి. పారేసే అలవాటు లేదు కనుక రెండు రోజులు మజ్జిగలో నానబెట్టుకుని నేనే తిన్నాను. నా అవస్థ చూడలేక మా కోడలు దుకాణం నుంచి కడక్ రొట్టెల ప్యాకెట్ తెచ్చింది. ఆపాకు ఇస్తే ఒక ముక్క కొరికి పక్కన పెట్టేసింది. "అట్ట లెక్కున్నది," అంది.

మర్నాడు పొద్దున్నే పిండి తడిపాను. పది రొట్టెలు కొట్టి, కాల్చి, బట్టలో చుట్టి గంపలో పెట్టుకుని బయల్దేరాను. దారిలో పడిపోతానని కోడలు వెంట వచ్చింది.

బేకరీలో పెద్దాయన చిన్న కొడుకు ఉన్నాడు. గడ్డం నెరుస్తోంది అతనికి కూడా.

"అమ్మా, బోర్డు చూసినవా?"

"చూసిన. చదివిన గూడ."

"మరి?"

"మరి ఏంది? చదివితె వాపస్ పోవాల్నా?"

"మిషన్ల బిస్కెట్లు, బన్నులే పెడతం అమ్మా. జొన్నపిండి రాలితె మా భాయ్ లొల్లి చేస్తడు."

"దులిపి తెచ్చిన. ఇంత పొట్టు రాలదు."

"మాఫ్ చెయ్యి. నీకు చేస్తె రేపు గల్లీ మొత్తం వస్తది."

ఆపా సంగతి చెప్పాను. అల్లా మంచిగ చేస్తడు అన్నాడు కానీ గంప అందుకోలేదు. అతని మాటలో తప్పు లేదు. నా అవసరమూ అబద్ధం కాదు. మెట్టు మీద కూర్చున్నాను. కొనేవాళ్లు నన్ను దాటుకుని లోపలికి పోతున్నారు. "పోదాం అత్తమ్మా," అని కోడలు రెండుసార్లు భుజం తట్టింది. కదల్లేదు. ఇక నా దగ్గర మిగిలింది ఒక్క ముచ్చట. కోడలి ముందు ఎన్నడూ చెప్పనిది. పని చెప్పేటప్పుడు చెవులు పెట్టి వినాలని ఆమెను పదిహేనేళ్లుగా తిడుతున్నదాన్ని ఎలా చెప్పను?

అయినా చెప్పాను.

"బేటా, నేను పెండ్లై వచ్చిన కొత్తల, మొహర్రం రోజులు. ఆపా గోడ మీదికెల్లి, రేపు రోట్ తీస్కొని భట్టీకి రా అన్నది. రోట్ అంటె సూజీ, నెయ్యి, చక్కెర కలిపిన తియ్యటి బిస్కెట్ అని నాకేమెరుక? పల్లెటూరిదాన్ని. రొట్టె అనుకున్న. తెల్లారి పన్నెండు జొన్నరొట్టెలు కొట్టి, గంపల పెట్టుకొని వచ్చి లైన్ల నిలబడ్డ. అందరి తట్టలల్ల రోట్లు, నా గంపల రొట్టెలు."

అతను చేతిలోని తట్ట కింద పెట్టాడు. "ఠైరో, ఠైరో. రొట్టె దుల్హన్ నువ్వేనా?"

"ఏం దుల్హన్?"

"మా అబ్బా బతికున్నన్ని దినాలు చెప్పి నవ్వేటోడు! జొన్నరొట్టెలు నెత్తిమీద పెట్టుకొని కొత్త పెండ్లికూతురు భట్టీకొచ్చింది అని. ఎవరో అనుకున్న!"

ఎప్పుడో అందరూ మరిచిపోయారనుకున్న సంగతికి ఆ ఇంట్లో పేరు కూడా పెట్టారు. వెనక కోడలు కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"నవ్వింది చాలు," అన్నాను. "మీ అబ్బా గూడ నవ్విండు. కని వాపస్ పంపలే. తెచ్చినవు గద బేటీ అని భట్టీ మూతికాడ పెట్టి కాల్చిండు. నా కడక్ రొట్టె గట్లనే పుట్టింది. ఆపా ఆ పొద్దే ఖట్టాల అద్దుకొని నాలుగు తిన్నది. ఇప్పుడు ఒక్కటన్న తింటదేమోనని వచ్చిన."

అతను గడ్డం గోక్కుంటూ మిషన్ వైపు చూశాడు. "ఈ బిస్కెట్లు దిగినంక మిషన్ బంద్ చేస్త. ఉన్న వేడిల పెడత, గంతే. మాడితె నన్ను అనొద్దు."

"మాడితె నేనే తింట. అలవాటే."

రొట్టెల అంచులు ఎర్రబడ్డాయి. నడుమ కొంచెం మెత్తదనం ఉండిపోయింది, కట్టెల పొగ వాసన లేనే లేదు. అయినా వేలితో కొడితే టక్కుమన్నాయి. గంపను బట్టతో కప్పి నడిచాను. గల్లీ మలుపు దగ్గర కోడలు ఇక ఆగలేకపోయింది.

"అత్తమ్మా, చెప్పేటప్పుడు చెవులు పెట్టి వినాలె."

"నడువు. రొట్టెలు మెత్తబడతయ్."

ఆపా మంచం పక్కన పులుసు గిన్నె పెట్టి రొట్టె విరిచాను. ఆ చప్పుడుకు ఆమె ఇటు తిరిగింది. ఒక ముక్క తీసుకుని పులుసులో ముంచి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. ఇంకో ముక్క. మూడోది తనే విరుచుకుంది. నేను ఆమె దవడలనే చూస్తున్నాను.

"నువ్వులేవి?" అంది. "లెక్కవెట్టి వేసినవా? ఖట్టా చేసినవా, వాననీళ్లు పట్టినవా?"

"ఖట్టా కాదు, పచ్చిపులుసు."

మోచెయ్యి ఆనించి, పళ్లు బిగించి, మంచం మీద లేచి కూర్చుంది.

"ఖట్టా," అంది, ఇంకో రొట్టె కోసం చెయ్యి చాపుతూ.