స్టీరింగు మూలిగిన కార్తీకం

మా నాయనకు ఇంకొకరు తోలే బండిలో నిద్ర పట్టదు. బస్సెక్కినా డ్రైవరు వెనక సీటే కావాలి. చిత్తూరు నుంచి తిరుపతి దాకా, ఆ డ్రైవరుకు జీతం తనే ఇస్తున్నట్టు, రెప్ప వాల్చకుండా రోడ్డును కాపలా కాసేవాడు. అలాంటి మనిషి దగ్గర నేను కారు నేర్చుకోవాలనుకున్నాను. నా ధైర్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకే ముచ్చటేస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. చిత్తూరులో మాకు బెల్లం మండీ ఉండేది. నాయనకు కుడిభుజం పట్టేసి పాత కారు స్టీరింగు తిప్పడం కష్టమైంది. దాన్ని అమ్మేసి, పవర్ స్టీరింగు ఉన్న కారు ఒకటి, ఎవరో వాడిందే, కొన్నాడు. ఇక చూడాలి ఆయన సంబరం! చిటికెన వేలితో స్టీరింగు తిప్పి చూపించడానికి వీధిలో వాళ్లందరినీ ఒక్కొక్కరిగా ఎక్కించి దించాడు.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. బొట్టు పెట్టడంలో మా నాయనకు ఒక పట్టింపు ఉంది. మండీలో ఇనప్పెట్టెకు ఎవరైనా తలుపు మీద పెడతారు. ఈయన తలుపు తీసి లోపల పెడతాడు. "మూతకు పెడితే మూతకే పుణ్యం. లోపల ఉండేదానికి ఏమొస్తాది?" అనేవాడు. ఆ ఏడు కారుకు కూడా పూజ తనే చేశాడు. మర్నాడు విజయదశమి, ఏది మొదలుపెట్టినా కలిసొచ్చే రోజని నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. "బాగా నేర్చుకుంటే కార్తీకంలో తిరుపతి కొండకు నువ్వే తోలుదువు మే" అన్నాడు. అంతే, ఇక నాకు అన్నం తింటున్నా ఘాట్ రోడ్డే, పడుకున్నా ఘాట్ రోడ్డే.

మూడు వారాల్లో రివర్సు కూడా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే బండి మూలగడం మొదలుపెట్టింది. మలుపు తిప్పినప్పుడల్లా బానెట్‌లోంచి "ఊఁ..." అని, ముసలావిడ మోకాళ్లు పట్టుకుని లేస్తున్నట్టు. స్టీరింగు రోజురోజుకూ బరువెక్కింది.

"ఏం జేసినావు బండిని?" అన్నాడు నాయన.

"నేనేం చెయ్యలా. బండిలోనే ఏందో ఉండాది."

"ఆడలేక మద్దెల ఓడంట! స్టీరింగును కొసాకు తిప్పి ఆడనే పట్టుకుంటావు నువ్వు. నువ్వు ఎక్కకముందు బండి సల్లంగా ఉండె." తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "కొండకు నేనే తోల్తా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిది రోజులు నాయనతో మాట్లాడలేదు. "అమ్మా, అన్నం పెట్టేసినానని మీ ఆయనకు చెప్పు" అనేదాన్ని, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే. "ఇంకొంచెం పులుసు పొయ్యమని నీ కూతురికి చెప్పు" అనేవాడు ఆయన. "నేనేమన్నా పోస్టాఫీసునా?" అని అమ్మ గరిటె విసిరేసి లేచిపోయేది.

కార్తీకం సగమైంది. ఆ బరువు స్టీరింగుతో నాయన భుజం మళ్లీ పట్టేసింది. ఇలాగే ఉంటే కొండకు నేనూ తోలను, ఆయనా తోలలేడు. చివరికి బండిని తిరుపతి రోడ్డులో ఉన్న రిపేరు షెడ్డుకు తీసుకెళ్లాడు. నా మీద పడిన నింద పోవాలి కదా, నేనూ ఎక్కాను. మా ఇద్దరినే పంపితే కొట్టుకుంటామని అమ్మ కూడా ఎక్కింది.

మెకానిక్కు పెద్దాయన. బానెట్ ఎత్తి, ఒక పక్కనున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా చూపించి, "స్టీరింగుకు నూనె ఈడ ఉంటాది" అని మూత తిప్పి తీశాడు. నూనె ఎంత ఉందో చూసే పుల్ల ఆ మూతకే ఉంది. దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. గోటితో గీరాడు. వాసన చూశాడు.

"అన్నా, దీనికి గంధం పూసింది ఎవురు?"

మెకానిక్కు పాత నూనెను పళ్లెంలోకి దించాడు. అడుగున ఎర్రటి మడ్డి. వేలితో రుద్దితే కుంకుమ! ఆ నూనె రంగే ఎరుపు కావడంతో అంతవరకూ ఎవరికీ కనబడలేదు. నాయన తేలు కుట్టిన దొంగలా కారు టైరు వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకెవురు?" అంది అమ్మ. "మూతకు పెడితే పుణ్యం రాదంట గదా ఈయనకు!"

"మిగతా మూతలు బిగుసుకొని ఉండె," అన్నాడు నాయన మెల్లగా. "ఇది చేత్తో తిప్పితే వచ్చేసె."

నేను నవ్విన నవ్వుకు పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి చూశారు. మెకానిక్కు నన్నూ వదల్లేదు. "పాపా, కొసాకు తిప్పి పట్టుకోకూడదు, అది నిజమే. కానీ దానికి ఇంత మూలుగు రాదులే" అన్నాడు. తర్వాత ముందు చక్రాలు జాకీ మీదికెత్తి, "నువ్వే ఎక్కి ఈ పక్కకు, ఆ పక్కకు మెల్లగా తిప్పు. కొత్త నూనె పోస్తా, పాతది పోతాది" అన్నాడు. నాయన జేబులోంచి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు.

తిప్పుతూనే ఉన్నాను. నూనె ఎర్రగా, తేటగా వచ్చింది. మూలుగు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం గుడ్డతో మూత తుడిచి, నూనె రెండు గీతల మధ్య ఉందో లేదో చూసే పని నాది. ఆ డబ్బా దగ్గరికి నాయనను రానిచ్చేదాన్ని కాదు.

కార్తీకంలో చివరి శనివారం అలిపిరి దాటాం. స్టీరింగు నా చేతిలో. నాయన నా పక్కన. మొదటి నాలుగు మలుపులకూ లేని బ్రేకును కాలితో తొక్కాడు. "హారను కొట్టు. ఎడమకు రా. ఎనక బస్సొస్తా ఉండాది సూడు." ఏడో మలుపు దగ్గర మాట ఆగిపోయింది. నేను తప్పేదో చేశాననీ, చెబితే నాకు కోపం వస్తుందని ఊరుకున్నాడేమో అనీ అనుకున్నాను. పక్కకు తిరిగి చూసే ధైర్యం లేదు.

వెనక సీట్లోంచి అమ్మ ముందుకు వంగి, నా చెవి దగ్గర గుసగుసగా అంది:

"మెల్లంగా తిప్పు మే. మీ నాయన నిద్రపోయినాడు."