దర్జీ కట్టని వేషం

నాటక సమాజపు దర్జీకి వేషం కట్టాలని ఉండేదా, లేదా? ఇప్పటికీ అంతుపట్టదు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. అందుకేనేమో మాట తక్కువ. ఆటిజం ఉన్న తమ్ముడి కథతో కొత్త నాటకం వేస్తున్నారు. తమ్ముడి వేషానికి మనిషి దొరికాడు గానీ అన్న వేషానికి ఎవరూ కుదరలేదు. ఆ తమ్ముడి వేషగాడికి చొక్కా తొడిగే ముందు, దర్జీ కాలరు వెనక లేబుల్ కత్తిరించి, ఆ చోటు తన చెంపకు రుద్ది చూసుకున్నాడు.

"అదేంటయ్యా?" అన్నాడు దర్శకుడు.

దర్జీ సూదులు తీశాడు. "గుచ్చుకుంటుందండీ. మా తమ్ముడైతే చొక్కా చింపేస్తాడు. ఇరవయ్యేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోదు."

"ఓరి నీ! అన్నని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాను గదయ్యా! వేషం నువ్వే కట్టు. రిహార్సళ్లు రోజూ నాలుగింటికి."

దర్జీ అద్దంలో ఒకసారి చూసుకుని, జుట్టు సవరించుకున్నాడు. తర్వాత గోడ గడియారం చూశాడు. రోజూ నాలుగింటికి ఇంటి దగ్గర తమ్ముడు తన కోసం గేటు పట్టుకుని నిలబడతాడు. నిమిషం దాటితే తల గోడకేసి కొట్టుకుంటాడు. మెడలో టేపైనా తీయకుండా, ఎవరికీ వెళ్లొస్తానని చెప్పకుండా, దర్జీ గబగబా మెట్లు దిగిపోయాడు.