పల్లేరుకాయ కట్టిన చాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కోపం ఉన్న మనిషికి నోట మాట లేదు. ఆమె మా చిన్నత్త, మా బాపుకు ఆఖరి చెల్లెలు. పుట్టిననాటి నుంచి ఆమెకు మెడ నిలవదు, చేతులు చెప్పినట్టు వినవు. గొంతులోంచి శబ్దం వస్తుంది గానీ అది మాటగా మారదు. చెవులు మాత్రం పాము చెవులు, బుద్ధికి ఏ లోటూ లేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు. ఇది తన కంటే ముందే పోతే బాగుండునని మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి, వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పుకునేది. వింటున్న మనిషి ఆ పక్క మంచంలోనే ఉండేది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఊరు వేములవాడకు పోయే బస్సు దారిలో ఉండేది. ఇంటింటా ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టేవారు. మా పక్కింటి అక్కదీ అదే పని. అత్తగారింట్లో పడక పుట్టింటికి వచ్చేసింది, పుట్టింట్లో వదినతో పడక పగలంతా మా అరుగు మీదే కూర్చునేది. ఆమె నోరు మంచిది కాదని ఊరంతా అనేది. నిజమే, మంచిది కాదు.

చిన్నత్త మంచం ఆ అరుగు పక్కనే ఉండేది. ఒకరోజు అక్క కత్తెర కనబడక ఆకునూ తంబాకునూ తన తలరాతనూ కలిపి తిట్టుకుంటూ వెతుకుతోంది. చిన్నత్త గట్టిగా అరిచి, చూపును మూలనున్న గోనెసంచి మీద నిలిపింది. సంచి ఎత్తితే కింద కత్తెర ఉంది. అక్క ఆమె వైపు తిరిగింది. ఇన్ని రోజుల నుంచి అన్నీ తెలిసి కూడా ఊరకున్నావా అని ఆమెనే తిట్టింది. తనతో ఒకరు కొట్లాటకు దిగడం చిన్నత్తకు అదే మొదటిసారేమో, ముఖమంతా నవ్వయింది.

మర్నాడు అక్క ఒక పాత చాట తెచ్చి, దాని అంచు చుట్టూ బీడీ దారంతో కొన్ని వస్తువులు కట్టింది. కుండ పెంకు అంటే నీళ్ళు. వడ్ల కంకి అంటే అన్నం. బొంత పేలిక అంటే పడక. బీడీ ఆకు అంటే అరుగు మీదికి తీసుకుపొమ్మని. చాటను చిన్నత్తకు ఎదురుగా పట్టుకుంటే ఆమె చూపు దేని మీద నిలిస్తే అదే ఆమె మాట. అవునంటే కళ్ళు గట్టిగా మూసేది, కాదంటే తెరిచే ఉంచేది. చాట పట్టుకునే పని నాకు దక్కింది. ఊరుకోలేక నీళ్ళా, అన్నమా అని నేను తొందరపెడితే అక్క నా నెత్తిన మొట్టేది. ఆకులో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టేంత సేపు నోరు మెదపరాదు. అది ఆమె పెట్టిన కట్టుబాటు. చిన్నత్త మెడ కుదురుకొని చూపు నిలవడానికి అంత సేపూ కావలసి వచ్చేది.

ఇంట్లో ఇది ఎవరికీ నచ్చలేదు. ఒట్టి చాట మనిషి ముఖానికి ఎదురుగా పట్టడం అరిష్టమని బాపమ్మ గొణిగేది. మా బాపు అన్న, మా పెద్దబాపు, ఆ ఇంటికి పెద్ద. ఆయనకు అది పెద్ద నవ్వులాట. గంగిరెద్దు తల ఊపుతుంది, ఆడించేవాడు అర్థం చెబుతాడు, ఇదీ అంతే అనేవాడు. మా బాపు అన్నకు ఎదురు చెప్పే మనిషి కాదు.

ఆ వానాకాలం పెద్దబాపు కొడుక్కి పిల్లనిచ్చేవాళ్ళు మా ఇల్లు చూడడానికి వచ్చారు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని పెద్దబాపు చిన్నత్త మంచాన్ని వెనక బర్రెల కొట్టంలో వేయించాడు. అడ్డంగా తడక కూడా పెట్టించాడు. ముందువాకిట్లో వాళ్ళు భోంచేసి, మాట్లాడుకొని, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. అంతసేపూ చిన్నత్త పేడలో, ఈగల్లో ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నా వైపు కూడా చూడలేదు.

మంచం మళ్ళీ అరుగు పక్కకు చేరిన రెండు రోజులకు ఆమె అరవడం మొదలుపెట్టింది. అది మాకు అలవాటైన అరుపు కాదు. విల్లులా వంగిపోతూ, తలను మంచం పట్టెకేసి కొట్టుకుంటూ అరిచింది. గంజి పోస్తే ఉమ్మేసింది. కొట్టంలో గాలి సోకిందని బాపమ్మ తేల్చింది. కడుపు మీద వాత పెడితే గాలి దిగుతుందని పెద్దబాపు కొడవలి తీసి పొయ్యిలో పెట్టాడు. నేను పరుగున పోయి అక్కను పిలుచుకొచ్చాను.

అక్క చాట పట్టింది. చిన్నత్త చూపు పెంకు మీద నిలవలేదు, కంకి మీద నిలవలేదు. అంచు చుట్టూ గిరగిరా తిరిగి చాట దాటి పోయింది. అక్క మళ్ళీ పట్టింది. మళ్ళీ అంతే. చెప్పవే, చెప్పు అని అక్క గొంతు పెంచింది. పెద్దబాపు పొయ్యి దగ్గరి నుంచే అన్నాడు, "సూసినవా? గది ఉత్తగ గుడ్లు తిప్పుతది, నువ్వు కతలు చెప్తవు." అంతలో చిన్నత్త చెయ్యి విసురుగా వచ్చి చాటకు తగిలింది. చాట ఎగిరి గోడ దగ్గర పడింది.

ఆ చెయ్యి తనంతట తాను ఎగిరిందా, ఆమె కొట్టిందా అంటే నేను ఇప్పటికీ కొట్టిందనే అంటాను. అక్క కింద పడిన చాటను చూసింది. తర్వాత మంచం పక్కన గొంతుక్కూర్చొని, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది.

"నువ్వు చెప్పేది గీ చాటలనే లేదు. గంతేనా?"

చిన్నత్త కళ్ళు గట్టిగా మూసింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి.

కొడవలి ఎర్రబడిందని పెద్దబాపు పట్టుకారుతో తీసుకొచ్చాడు. అక్క వెనక్కి తిరగకుండానే, "జర ఆగు అన్నా. ఆమె మాట్లాడుతున్నది," అంది. ఆ ఇంట్లో ఆయనకు అలా చెప్పినవాళ్ళు అంతకు ముందు లేరు. ఆయన ఆ ఎర్రటి కొడవలి పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. అక్క చేత్తో తన కడుపు ముట్టుకొని ఆగింది. ఛాతీ ముట్టుకొని ఆగింది. పన్ను చూపించి ఆగింది. ప్రతిసారీ ఒక బీడీ చుట్టేంత సేపు. నాకు ఆ ఎర్రటి ఇనుము కనబడుతూనే ఉంది. అక్క చెయ్యి చెవి మీదికి పోయినప్పుడు చిన్నత్త కళ్ళు మూసుకుపోయాయి.

గోరువెచ్చని నూనె పోసి పక్కకు తిప్పితే చెవిలోంచి గోమారి బయటికొచ్చింది, బర్రెలకు పట్టే పురుగు. కొట్టంలో పడుకోబెట్టిన నాడే దూరి ఉంటుంది. పెద్దబాపు కొడవలిని నీళ్ళ తొట్టిలో పడేసి బయటికి వెళ్ళిపోయాడు. బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. తప్పయిందని ఒక్కరూ అనలేదు. మా ఇంట్లో ఆ మాటకు చోటు లేదు.

అక్క చాటను ఒళ్ళో పెట్టుకొని తన మీద తనే కోపం తీర్చుకుంది. తిండి, నీళ్ళు, పడక. పశువుకు ఏం కావాలని అనుకుంటామో అవే కట్టాను కదా అని లెంపలేసుకుంది. అంచు మీద ఒకచోట ఏమీ కట్టకుండా ఖాళీ వదిలింది. చూపు అక్కడ నిలిస్తే, నాకు కావలసింది ఇందులో లేదు, వెతకండి అని అర్థం.

చిన్నత్త ఇక ఆ ఖాళీనే చూసేది. ఎన్ని అడిగినా కాదంటుంది, మళ్ళీ ఖాళీ వైపే చూస్తుంది. మేం విసిగిపోయాం. ఒకనాడు నా కాలికి పల్లేరుకాయ గుచ్చుకుంటే అక్క దాన్ని పీకుతూ, చూసి నడవలేనందుకు నన్ను కడుపారా తిట్టింది. చిన్నత్త గొంతు చించుకుంది. ఆమె చూపు అక్క వేళ్ళ మధ్యనున్న పల్లేరుకాయ మీద ఉంది. ఇదా, తిట్టడానికా అని అక్క అడిగింది. కళ్ళు మూసి తెరిచి, మళ్ళీ మూసింది. పుట్టిన నాటి నుంచి ఆ మనిషికి కావలసింది అదన్నమాట. అక్క ఆ ముళ్ళకాయను చాటకు కట్టింది.

ఇక చూడాలి మా ఇంటి సంబడం. గంజి వేడిగా ఉంటే పల్లేరుకాయ. బాపమ్మ చావు మాటెత్తితే పల్లేరుకాయ. అన్నం తింటున్న పెద్దబాపును చూసి, పల్లేరుకాయను చూసి, మళ్ళీ ఆయనను చూసింది. అదేమిటని ఆయన అడిగితే బాపమ్మే చెప్పింది, నిన్నే తిడుతోందిరా అని. ఆయన లేచి దాన్ని తెంపి పారేశాడు. దాన్ని మళ్ళీ కట్టేదాకా చిన్నత్త నోరు తెరవలేదు, మెతుకు ముట్టలేదు. చివరికి బాపమ్మే చేనుగట్టుకు పోయి ఇంకోటి ఏరుకొచ్చింది.

కోతలయ్యాక పిల్ల తరఫువాళ్ళు సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చే రోజు వచ్చింది. పొద్దున్నే పెద్దబాపు మంచాన్ని మళ్ళీ కొట్టంలో వేయడానికి ఎత్తబోయి తలవైపు వంగాడు. అక్క అప్పటికి ఇంకా రాలేదు, చాట నా చేతిలో ఉంది. చిన్నత్త ముందర పట్టుకున్నాను. చూపు నిదానంగా పల్లేరుకాయ మీదికి పోయి నిలిచింది. అక్కడి నుంచి ఖాళీ చోటికి పోయింది. ఇది తిట్టే గానీ వట్టి తిట్టు కాదు, ఇంకా ఏదో ఉంది. నేను నోరు మెదపలేదు. పెద్దబాపు నా వైపు చూశాడు, నేను చెబుతానని. నేను చెప్పలేదు. ఆయన వంగినవాడు వంగినట్టే ఉండి, మొదటిసారి ఆమె ముఖంలోకి చూస్తూ ఆగాడు.

"కొట్టంలకు పోవా?" అని అడిగాడు. ఆయన ఆమెను ఒక మాట అడగడం నేను అంతకు ముందు వినలేదు.

చిన్నత్త కళ్ళు మూసింది.

మంచం ముందువాకిట్లోనే ఉండిపోయింది. వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కొని లోపలికి వస్తూ ఆగి, ఈమె ఎవరని అడిగారు. పెద్దబాపు ముఖం గంటు పెట్టుకొని కండువా సర్దుకున్నాడు.

"మా చెల్లె," అన్నాడు. "జర కోపం ఎక్కువ."

మొన్న మా వీధిలో మాట రాని పిల్లవాడికి బొమ్మలు నొక్కితే మాట్లాడే పలక కొనిచ్చారు. వాళ్ళమ్మ మురిసిపోతూ చూపించింది. ఆకలి ఉంది, నీళ్ళు ఉన్నాయి, నమస్తే ఉంది, థాంక్యూ కూడా ఉంది. ఇందులో తిట్టు ఏదమ్మా అని అడిగాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. నీ కొడుకు చెప్పాలనుకున్నది ఇందులో లేకపోతే ఆ సంగతి ఎక్కడ నొక్కాలని అడిగాను. ఆమె నవ్వు ఆపి పలక వైపు చూసుకుంది. పిల్లవాడు మాత్రం నా వైపే చూస్తున్నాడు. ఏదో చెప్పబోతున్నాడు. నేను అతని ముందు కూర్చొని నోరు మూసుకొని, ఒక బీడీ చుట్టేంత సేపు ఆగాను.