కారుకు అరగూడు

మా ఆయన కారు కొన్నాడని తెలిసి పులివెందులలో మా పుట్టింటివాళ్ళు వీధంతా చక్కెర పంచారు. ఆ కారుకు టాపు లేదన్న సంగతి మాత్రం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బెల్లంతో సరిపెట్టేవాళ్ళు.

ఆంధ్రరాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మాట ఇది. ఆ ఎండాకాలమే నాకు పెళ్ళయింది. అత్తగారిది ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉన్న ఇల్లు. జమ్మలమడుగులో ఉండిన ఒక దొర తన దేశానికి వెళ్ళిపోతూ కారును వదిలించుకుంటుంటే, మా ఆయన వెనకా ముందూ చూడకుండా తోలుకొచ్చేశాడు. పొడుగు ముక్కు, ముందర ఇద్దరికే చోటు, వెనక మూత పైకి లేపితే ఇంకొకరు ముడుచుకుని కూర్చోగల గుంత. దాన్ని డిక్కీ అనేవాళ్ళు. అది పందేలకు పోయే రకం కారట. టాపు గుడ్డను ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. ఎండ, దుమ్ము, కాకి రెట్ట అన్నీ నేరుగా లోపలికే వచ్చేవి.

నాకు మాత్రం ఆ కారు మీద పంచప్రాణాలూ ఉండేవి. ఎందుకో చెప్తాను. మాది ఉమ్మడి ఇల్లు. పగటిపూట మొగుడితో నిలబడి మాట్లాడితే చాలు, ఏ మూల నుంచో ఒక దగ్గు వినిపించేది. ఆయన గొంతు నేను ఎక్కువగా విన్నది ఆయన అంగట్లో ఎవరికో పంచెల ధర చెప్పేటప్పుడే. ఇంతలో ఆషాఢం దగ్గర పడింది. ఆ నెలలో అత్తాకోడళ్ళు ఒకే చూరు కింద ఉండకూడదు, కొత్త కోడలు పుట్టింటికి పోవాలి. ఒకే గడప దాటకూడదని కూడా అంటారు. మా అత్త రెండూ పాటించేది, ఎందుకైనా మంచిదని. ఒకనాడు బావి దగ్గర మా ఆయన బొక్కెన అందిస్తూ, పెదవులు కదలకుండా, "నిన్ను నేనే కార్లో దింపుతా. మనిద్దరమే" అన్నాడు. ఆ "మనిద్దరమే"తో నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. పులివెందుల దాకా దోవంతా మాట్లాడుకోవచ్చు! ఏమేం మాట్లాడాలో ఆ రోజు నుంచే కూడబెట్టుకోవడం మొదలుపెట్టాను.

మా అత్త చెవిన పడగానే మొదటికే మోసం వచ్చింది.

"నెత్తిన నీడ లేని బండ్లో కొత్త కోడల్ని కూచోబెట్టుకోని బజారు మింద పోతావా? బంగారంగళ్ళోళ్ళంతా త్రాసులు కిందబెట్టి సూస్తారు. టాపు ఉంటే కార్లో పంపిస్తా. ల్యాకుంటే బస్సులో మీ నాయన తోడుకోని పోతాడు."

మా మామతో బస్సులో ప్రయాణమంటే మాటలా? ఆయన బస్సెక్కితే దిగేదాకా విష్ణుసహస్రనామం చదువుతాడు, పక్కనున్న వాళ్ళు కూడా చదవాలి. కాబట్టి ఆషాఢం వచ్చేలోగా ఎట్లాగైనా ఆ కారుకు టాపు కట్టాలి. నాకు అప్పట్లో వేరే కోరిక లేదు.

బండి గూళ్ళు అల్లే మేదరాయన్ని మా ఆయన పిలుచుకొచ్చాడు. ఆయన కారు చుట్టూ తిరిగి, "ఎద్దులు యాడ కడ్తారప్పా?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండానే వెదురు బద్దలు వంచడం మొదలుపెట్టాడు. ముందర సీట్ల మీదికి మాత్రమే బద్దలు పెట్టించారు. డిక్కీలో సారె గంపలు పెడతాం, గంపలకు నీడెందుకు అని మా మామ లెక్క. గుడ్డ సంగతి సరే సరి, అంగట్లోనే ఉంది. డేరాలకు వాడే దిట్టమైన తెల్ల నూలు గుడ్డ. దర్జీ మా అంగడి అరుగు మీదే మిషను పెట్టుకుని కుట్టేవాడు. మంచి పనివాడే కానీ, ఏది కుట్టమన్నా అంచుకు కుచ్చులు పెట్టందే ఆయనకు చెయ్యి నిలవదు.

"లూజు పెట్టాల్నా, టైటుగా పెట్టాల్నా?" అని దర్జీ అడిగాడు.

"టైటుగానే పెట్టు. అదేమన్నా పెరిగే పిల్లనా?" అన్నాడు మా మామ.

నాకు పుట్టింట్లో కుట్టు అలవాటే. నూలు గుడ్డను కుట్టేముందు తడిపి ఆరబెట్టకపోతే, తర్వాత నీళ్ళు తగిలినప్పుడు ముడుచుకుని పొట్టిదైపోతుంది. ఈ మాట మామగారి ముందుకు పోయి చెప్పడానికి కొత్త కోడలికి నోరెక్కడిది? తలుపు చాటు నుంచి మా ఆయనకు చెప్పాను. ఆయన పోయి చెప్పాడు. అంతే, మా మామ అరుపు వంటింటి దాకా వినిపించింది.

"నా అంగడి ముందర నా గుడ్డనే తడిపి ఆరేసేదా? ఇన్నేండ్లు 'మా గుడ్డ పొట్టిది గాదప్పా, బండకేసి ఉతుక్కో' అని చెప్పి అమ్ముకుంటి! ఎదురంగడోడు సూస్తే పండ్లికిలించడా? తడిపేది ల్యా, గిడిపేది ల్యా. కుట్టు!"

కుట్టడమైనా చప్పున జరిగిందా అంటే అదీ లేదు. మంగళవారం కొత్త గుడ్డకు కత్తెర పెట్టకూడదు. మర్నాడు పొద్దున వర్జ్యం. ఆ తర్వాత దర్జీ తన ధర్మం ప్రకారం టాపు చుట్టూ కుచ్చులు పెట్టుకుంటూ కూర్చున్నాడు. పక్కలకు తెరలు దించి, వాటికి కాజాలు, బొత్తాలు పెట్టాడు. వెనక అద్దానికి సందు పెట్టడం మాత్రం మరిచిపోయాడు. టాపు బిగించి, నాలుగు మూలలా పసుపు పెట్టి, టెంకాయ కొట్టేసరికి అమావాస్య వచ్చి కూర్చుంది. అమావాస్య నాడు ఎవరు బయల్దేరతారు? మర్నాడు పాడ్యమి. ఆషాఢం వచ్చేసింది.

తెల్లవారకముందే మా అత్త నన్ను పక్కింటి పంచలోకి తరిమి, వీధిలో నిలబడి కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు కదా, మరి నన్ను అప్పగించేదెవరు?

"కోడల్ని వీధిలో దింపేసి వస్తే దిక్కూమొక్కూ ల్యానిదాన్ని వదిలేసినట్ల ఉంటాది. నేనే వచ్చి గడప బయట నిలబడి అప్పగిస్తా."

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మనిద్దరమే అన్న మాట గంగలో కలిసింది.

అంతటితో అయిపోలేదు. అత్తాకోడళ్ళం ఒకే టాపు కింద కూర్చుంటే ఒకే చూరు కింద ఉన్నట్టా, కాదా? ఇంటి పురోహితుణ్ణి పిలిపించారు. ఆయన వంగి లోపలికి చూసి, వెదురు బద్దను కొట్టి చూశాడు.

"పైన గూడుంది, కింద నాలుగు కాళ్ళుండాయి. ఇంకేం గావల్ల? చూరే."

"అవి చక్రాలు స్వామీ" అన్నాడు మా ఆయన.

"కాళ్ళో చక్రాలో నాకెందుకు నాయనా? నీడ పడితే చూరు. వెనకల గుంతలో నీడ ల్యా, అది ఆకాశం కిందికే లెక్క. ఒకరు ఈడ, ఒకరు ఆడ కూచోండి. దోషం ల్యా."

పెద్దది కాబట్టి టాపు కింద మా అత్త. ఆకాశం కింద నేను. అత్తా నేనూ ఒకే తలుపు దాటకూడదని నన్ను వెనక చక్రం మీది రేకెక్కించి గుంతలోకి దించారు. అటు లడ్ల గంప, ఇటు అరటిగెల, మధ్యలో పట్టుచీరలో నేను. ఏ కోడల్ని జనం చూడకూడదని ఆ టాపు కట్టారో, ఆ కోడలే బోరవిరుచుకుని ప్రొద్దుటూరు బజారంతా ఊరేగింది. బంగారంగళ్ళవాళ్ళు నిజంగానే త్రాసులు కిందపెట్టి బయటికొచ్చారు. ఎవరో ఒకాయన దేవుడు అనుకున్నాడో ఏమో, చెప్పులు కూడా విడిచాడు.

జమ్మలమడుగు దాకా దుమ్ము తిన్నాను. నా ముందర తెల్లటి గుడ్డ గోడ, దాని మీద పసుపు బొట్టు. దాని అవతల నా మొగుడు. కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ గోడకు చెప్పుకోవాల్సి వచ్చింది. పెన్న దాటి ముద్దనూరు కూడా దాటినాక మబ్బు పట్టింది. ఆషాఢ మాసపు వాన మా సీమలో నాలుగు చినుకులు రాల్చి మొహం చాటేస్తుంది కదా అనుకున్నాను. ఆ రోజు మాత్రం కుండపోతగా కొట్టింది.

నేను నిలువునా తడిసి ముద్దయ్యాను. అయితేనేం, నా కళ్ళముందరే గుడ్డ గోడ మెల్లగా కదలడం మొదలుపెట్టింది. కుచ్చులు పైకి ఎగబాకాయి. వెదురు బద్దలు కిర్రుకిర్రుమంటూ కిందికి వంగాయి. లోపలి నుంచి మా అత్త గొంతు వచ్చింది.

"ఒరే, ఏందిరా ఇది? నెత్తిమింద ఎవరో కూచుంటాండారు!"

"ఎవరూ ల్యారమ్మా. గుడ్డ ముడుచుకుంటాంది."

"ముడుచుకునేదేంది? మీ నాయన గుడ్డ పొట్టిది గాదు గదా!"

కారు ఆగింది. మా ఆయన ఎట్లా దూరి వచ్చాడో గానీ బయట పడ్డాడు. మా అత్త వైపు మాత్రం బొత్తాలు కాజాల్లో బిగుసుకుపోయి రావడం లేదు. గుడ్డ మీద ఆమె కొప్పు ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చి, అటూ ఇటూ కదులుతూ ఉంది. నాకు నవ్వు ఆగలేదు. లడ్ల గంపలో మొహం పెట్టుకుని నవ్వాను. లోపల మా అత్త మా మామనూ, దర్జీనీ, దొరనూ, ఆ దొరను కన్నవాళ్ళనూ వరసగా తిడుతూ ఉంది.

"అత్తా, అడకత్తెర ఉందా?" అని అరిచాను. వక్కలు కత్తిరించే అడకత్తెర లేకుండా మా అత్త గడప దాటదు. కింది సందులోంచి చెయ్యి ఒకటి బయటికొచ్చి అడకత్తెర ఇచ్చింది. నేను రేకు మీద మోకాళ్ళు ఆనించి గుడ్డ అంచును నొక్కి కొంచెం కత్తిరించాను. ఆ తర్వాత పని మా ఆయనది. బట్టల అంగడివాళ్ళు అంచు కాస్త తెంపి రెండు చేతులా లాగితే గుడ్డ పర్రున దారం వెంబడే చిరుగుతుంది. అలవాటు పోతుందా? అంత వానలోనూ ఆయన మూరతో కొలిచి మరీ చించాడు.

"కొలతలెందుకురా ఎదవా! ఎవరికి అమ్మాల్నని?"

చిరిగిన సందులోంచి ముందు కొప్పు, తర్వాత మా అత్త తల, భుజాలు బయటికొచ్చాయి. వాన వెలిసింది. ఎర్రటి నేల, కడిగిన కొండలు, వాటి మీద ఎండ. మా అత్త సీటు మీద లేచి నిలబడి నలువైపులా చూసింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఒక చుట్టు చూసింది.

"ఈడ కొండలుండాయా?" అంది చివరికి.

"ఎప్పుడూ ఉండేటివే గదమ్మా" అన్నాడు మా ఆయన.

"నాకెట్ల తెలుస్తాదిరా? మా మేనత్తది తొండూరే. చిన్నప్పటినుంచి ఈ దోవలోనే తిరుగుతాండా. ఎప్పుడు జూసినా గూడు బండి, ముందరా వెనకా తెరలు. నాకు తెలిసిందల్లా ఎద్దు తోక."

మా ఆయన తల దించుకుని, గుడ్డనూ బద్దలనూ ఊడదీసి, చిరిగిన గుడ్డను మడతలు పెట్టసాగాడు.

మా అత్త కొంగు బిగించింది. "ఏమ్మే, గుడ్డ పాయ, చూరు పాయ. ఇప్పుడు అందరమూ ఆకాశం కిందనే ఉండాం, దోషం ల్యా. నువ్వు ముందరికి పో. లడ్లు నేను సూసుకుంటా. ఆ గుంతలో అయితే నాలుగు దిక్కులా కనపడ్తాది."

నేను రెండోసారి చెప్పించుకోలేదు. దూకి ముందర కూర్చున్నాను. కారు కదిలింది. పక్కన నా మొగుడు, మీద తడి గాలి. మొదట ఏం మాట్లాడాలో ఎన్నిసార్లు అనుకున్నానో! ఒక్క మాటా గుర్తు రాలేదు. చివరికి నోరు తెరిచి, "గుడ్డ తడపమని నేను చెప్పలే?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత పులివెందుల దాకా మా ఇద్దరికీ నోరు మూతపడలేదు. వెనక నుంచి ఒక్క దగ్గు కూడా రాలేదు. తిరిగి చూస్తే మా అత్త అరటిగెలను కౌగిలించుకుని, కొప్పు ఊడిపోయి, జుట్టంతా ఎగురుతూ, తొండూరు చేలను నోరు తెరిచి చూస్తూ ఉంది.

మా అమ్మ వీధిలోకి పరుగెత్తుకొచ్చి నివ్వెరపోయింది. "ఏంది వదినా ఈ అవతారం? టాపు యాడబాయ?"

"పోనీలే వదినా. ల్యాకుంటేనే సుఖం" అని మా అత్త గంపలు దించింది.

ఆషాఢం వెళ్ళి నేను ప్రొద్దుటూరు తిరిగి వచ్చేసరికి మా మామ కొత్త తాను తీసి అరుగు మీద పెట్టి ఉన్నాడు. దర్జీ టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన బొక్కెనలో నీళ్ళు. ఎదురంగడివాడికి వినపడకుండా మా మామ గొంతు తగ్గించి, "ఈసారి తడిపే కుట్టిస్తాలే" అన్నాడు.

మా అత్త లోపలి నుంచి వచ్చి బొక్కెన ఎత్తి నీళ్ళు వీధిలో కుమ్మరించింది.

"తడిపినా వద్దు, తడపకున్నా వద్దు. నా నెత్తిన ఇంకో గూడు కట్టొద్దండి. ఒరే, కారు తియ్యి. గండికోట యాడుందో సూసి రావాల. ఏమ్మే, నువ్వు ముందర కూచో."