రోజుకు రెండుసార్లు

కరోనా వార్డులు ఎత్తేసిన ఏడాది వేసవిలో నన్ను సికింద్రాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో పిల్లల సర్జరీ వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లుంది. హెడ్ నర్సు పని చాలావరకు డ్యూటీ చార్టులు, మందుల ఇండెంట్లు. అయినా ఎనిమా ఇవ్వడం లాంటి పనులు నేను వదులుకోలేదు.

ఆ జూన్‌లో బోయిగూడ నుంచి రేణుక అనే ఆమె మూడేళ్ల కూతురు అఖిలను తీసుకొచ్చింది. పాప పొట్ట ఉబ్బి చర్మం మెరుస్తోంది. పాత చీటీలన్నిటిలో ఒకటే మాట, మలబద్ధకం.

"పుట్టినకాడికెళ్లి గిట్లనే సిస్టరమ్మా. మందు పోస్తే రెండు దినాలు పోతది, మళ్ల బంద్. మస్తు పరేషాన్ అయితున్నం," అంది రేణుక.

ఎనిమా కోసం పాపను పక్కకు తిప్పి, లైటు దగ్గరికి లాగి చూశాను. మలద్వారం ఉండవలసిన చోట చిన్న గుంట తప్ప ఏమీ లేదు. దానికి బాగా ముందు, పెన్ను రీఫిల్ పట్టేంత రంధ్రం ఉంది. ట్యూబు పక్కన పెట్టి సర్జన్‌ను పిలిచాను. ఆవిడ అసిస్టెంట్ ప్రొఫెసర్, నాకంటే చాలా చిన్నది. ఇది పుట్టుకతో వచ్చిన లోపమనీ, ఆడపిల్లల్లో మలం ఏదో దారిన బయటికొస్తుంది గనక ఎవరూ తిప్పి చూడరనీ రేణుకకు చెప్పింది.

రేణుక పాపను ఒళ్లోకి లాక్కుంది. "నాకు మొదటి బిడ్డ. ఎట్లుండాల్నో నాకేం ఎరుక?"

చికిత్స మూడు దశల్లో సాగుతుంది. ముందు పొట్ట మీద పేగును తెరిచి, మలం ఒక సంచిలో పడేలా చేస్తారు. తర్వాత కండరాల మధ్య సరైన చోట కొత్త ద్వారం అమరుస్తారు. అది కుదురుకున్నాక పొట్ట మీది దారి మూసేస్తారు. మొదటి రెండూ బాగానే జరిగాయి. అయితే కొత్త ద్వారం మానేకొద్దీ బిగుసుకుపోతుంది. అందుకని రెండు వారాల తర్వాత నుంచి డైలేటర్ అనే నున్నటి స్టీలు కడ్డీని రోజుకు రెండుసార్లు తల్లే ఇంట్లో పెట్టాలి. వారానికోసారి ఆసుపత్రికి వచ్చి చూపించుకుని, ఒక సైజు పెంచాలి.

రేణుకకు అది నేర్పాల్సిన రోజు వార్డులో రెండు కొత్త అడ్మిషన్లు ఎదురు చూస్తున్నాయి. నేనే రెండుసార్లు చేసి చూపించాను. అర్థమైందా అంటే రేణుక తలూపింది. కడ్డీలిచ్చి ఇంటికి పంపేశాను.

మరుసటి వారం వాళ్లు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఫోన్ స్విచాఫ్. గడిచే ప్రతిరోజూ ద్వారం ఇంకాస్త మూసుకుపోతుందని నాకు తెలుసు. మూడో వారం డ్యూటీ దిగాక, కేస్ షీటులోని అడ్రసు పట్టుకుని బోయిగూడ వెళ్లాను. నన్ను చూడగానే అఖిల ఏడుస్తూ తలుపు వెనక్కి వెళ్లిపోయింది.

"ఒక్కపారే పెట్టిన సిస్టరమ్మా. నెత్తురొచ్చింది. భయమైంది. మళ్ల పెట్టలే. వస్తే మీరు తిడ్తరని రాలే."

నిజానికి తిట్టాలనే వెళ్లాను. కానీ "రేపు పొద్దున్నే తీసుకురా. పాపకేం తినిపించకు," అని మాత్రం అన్నాను.

మర్నాడు అన్నిటికంటే సన్నటి కడ్డీ కూడా పోలేదు. "మత్తిచ్చి ప్రయత్నిద్దాం సిస్టర్. తెరుచుకోకపోతే మళ్లీ కొయ్యాలి. రెండోసారి కండరం మొదటిసారంత పనికిరాదు," అంది సర్జన్. అంటే పాపకు జీవితాంతం మలం ఆపుకోవడం రాకపోవచ్చు. థియేటర్ బయట బెంచీ మీద రేణుక "అయితదా సిస్టరమ్మా?" అని అడుగుతూనే ఉంది. నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. నలభై నిమిషాలకు సర్జన్ వచ్చి, కోయకుండానే తెరుచుకుందని చెప్పింది.

నాలుగు రోజులు వార్డులో ఉంచాం. ఈసారి నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, రేణుకే చేసింది. మొదటిరోజు సగంలో ఆపి నా వైపు చూసింది. నేను కదల్లేదు. నాలుగోరోజుకు, "పది లెక్కవెట్టు బిడ్డా, అయిపోతది," అంటూ చేయగలిగింది. అఖిల ఏడుస్తూనే లెక్కపెట్టింది.

మూడు నెలలకు పొట్ట మీది దారి మూశారు. అఖిల ఇప్పుడు బడికి వెళ్తోంది. అప్పుడప్పుడు బట్టలు పాడవుతాయి, బడి సంచిలో ఇంకో జత పెట్టి పంపుతారు.

నేను చేసి చూపించి, నేర్పాననుకున్నాను. ఆ తర్వాత నా సర్వీసులో, తల్లి తన చేత్తో మూడుసార్లు చేసేదాకా ఏ బిడ్డనూ ఇంటికి పంపలేదు. అంతకుముందు పంపినవాళ్లలో ఎందరికి చేతనయిందో నాకు తెలియదు.